కాఫీ కోసం తెచ్చిన నీళ్లు

నాకు కాఫీ పెట్టడం డేరాల్లో వచ్చింది. ఇంట్లో నేర్చుకున్నది కాదు. మాది ఆలేరు పక్క నేత ఇల్లు. పొద్దున లేస్తే మగ్గం చప్పుడు, ఇంత జొన్న అంబలి, అంతే. బాపు నూలు కోసం బజారుకు పోయినప్పుడు చాయ్ తాగి వచ్చి ఆ సంగతి నాలుగు రోజులు చెప్పుకునేవాడు. కాఫీ అనే మాట పెళ్లయ్యాక గానీ నా చెవిన పడలేదు. పడ్డ రోజు నుంచీ దానితో నాకు భయమే.

అరవైల మొదట్లో మాట. నూలు సరిగా దొరకక మా ఆయన మగ్గం దిగి కాలువల సర్వే పార్టీలో ఖలాసీగా చేరాడు. భూమిని కొలిచే ఇనుప గొలుసు ఒక కొస పట్టుకుని పొద్దంతా రాళ్లలో, కంపల్లో నడవడం ఆయన పని. కట్టంగూర్ దాటాక డేరాలు వేసుకున్నారు. అక్కడ వంటమనిషి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. పార్టీకి పెద్ద అయిన సర్వేయరు సారు, "నీ భార్యకు వంట వచ్చు కదా, తీసుకొచ్చెయ్" అన్నాడట. మా ఆయన సరేనని తలూపి, నన్నొక మాట అడక్కుండా ఇంటికొచ్చి నా చీరలు మూట కట్టాడు. ఒళ్లు మండింది. దారిలో ఆయన చెప్పింది విన్నాక కోపం పోయి భయం పట్టుకుంది. వచ్చే ఏడు ఎండాకాలంలో పార్టీలో ఇద్దరు ఖలాసీలను పర్మినెంటు చేస్తారు. పేర్లు రాసి పంపేది సారే. తర్వాత పాలమూరు దవాఖానలో డాక్టరు కాళ్లూ చేతులూ పరీక్షించి సరే అనాలి. అంటే ఇక జన్మంతా సర్కారు జీతం. అనకపోతే మళ్లీ నూలు కోసం ఎవరో ఒకరి గుమ్మం ముందు నిలబడాలి.

"సారుకు పొద్దుగాల కాఫీ పడాలె. పడకుంటె మనిషి మనిషి గాడు. జర పైలంగ చెయ్యి," అన్నాడు మా ఆయన.

"కాఫీ ఎట్ల చేస్తరు?"

"నాకేం ఎర్క. చాయ్ లెక్కనె ఉంటదేమో."

సారు కోస్తా మనిషి. దళసరి కళ్లద్దాలు, మాట తక్కువ. మొదటి రోజు నేను చాయ్ లాగే చేశాను. చన్నీళ్లలో పొడి, బెల్లం, పాలు అన్నీ ఒకేసారి వేసి, అంబలి కాచినట్టు గరిటెతో తిప్పుతూ కుతకుతలాడించాను. సారు ఒక గుక్క తాగాడు. తిట్టలేదు. గ్లాసు పట్టుకుని లేచి, డేరా వెనక్కి వెళ్లి మొత్తం నేల మీద పోసి, ఖాళీ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి పనికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

మరునాడు ఆయనే వచ్చి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"చూడమ్మా, ఒక్కసారే చెబుతాను. మళ్లీ మళ్లీ చెప్పడం నాకు చేతకాదు," అన్నాడు.

ఒక్కసారే అన్నాక నేను రెప్ప వేస్తే ఒట్టు. పొయ్యిలో వేప పుల్లలు పెట్టకూడదు, ఆ పొగ చేదు కాఫీలోకి దిగుతుంది. తంగేడు కంపతో మంట లేపి, తుమ్మ కట్టె నిప్పులు అయ్యాక నీళ్లు పెట్టాలి. మసిలిన నీళ్లను దించి, ఆ చప్పుడు అణిగేదాకా ఆగాలి. మసులుతుండగానే పొడి వేస్తే మాడిన చేదు వస్తుంది, చల్లారాక వేస్తే సారం దిగదు. చప్పుడు ఆగి ఆవిరి ఇంకా లేస్తున్నప్పుడు పొడి వేసి, ఒక్కసారి కలిపి మూత పెట్టాలి. ఎంతసేపు ఉంచాలని అడగడానికి నాకు నోరు రాలేదు. సారు అక్కడే కూర్చుని బూట్లు తొడుక్కుని, తాళ్లు కట్టుకుని లేచేంతసేపు ఆగాడు. నేను అదే కొలత పెట్టుకున్నాను. తర్వాత నాలుగు చుక్కలు చన్నీళ్లు చల్లితే పిప్పి అడుక్కి దిగుతుంది. పైది గుడ్డలో వడకట్టి కాచిన పాలు కలపాలి. డేరాలో ఇత్తడి ఫిల్టరు ఎక్కడిది? బాపు నేసిన సన్న పంచె నా మూటలో ఉంటే దాని కొస చించి వడగుడ్డ చేశాను. పొడి డబ్బా మూతకు ఇంకో గుడ్డ చుట్టి, ఉల్లిగడ్డలకూ కిరసనాయిలుకూ దూరంగా డేరా గుంజకు వేలాడగట్టాను.

అన్నీ చెప్పినట్టే చేశాను. అయినా కాఫీ బాగా రాలేదు. డేరాల దగ్గర బావి నీళ్లు ఉప్పు. బట్టలుతికితే సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. పాలు కలిపితే ఒక్కోసారి విరిగిపోయేవి.

"నీ తప్పు కాదమ్మా. ఈ నీళ్లకు ఎవరు పెట్టినా ఇంతే," అన్నాడు సారు.

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం మా ఆయన పేరు కొట్టేసినట్టే వినిపించింది. ఇరవై ఏళ్లు నిండని దాన్ని. కాఫీ బాగుంటే పేరు రాస్తాడు, బాగాలేకపోతే రాయడు అని మనసులో గట్టిగా కూర్చుంది. అలా కాదని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. నేనూ ఎవరినీ అడగలేదు.

పాలు పోసే ఆమెను పట్టుకుని తీపి నీళ్లు ఎక్కడ దొరుకుతాయని అడిగాను. రెండు మైళ్ల అవతల ఇంకో ఊరి పక్కన మిట్ట కింద దిగుడు బావి ఉందంది. మెట్లు దిగి నీళ్ల దాకా పోయే బావి అది. పొద్దు పొడిచే వేళకు కడవ, చేంతాడు పట్టుకుని ఒక్కదాన్నే పోయాను. పై మెట్టు మీద నిలబడి చూస్తే కింద నల్లగా ఉంది. అడుగు వేశానో లేదో గోడల్లోంచి పావురాలు టపటపమని లేచాయి. వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. ఖాళీ గ్లాసు గుర్తొచ్చి దిగాను.

కింద నీళ్ల అంచున ఒక అవ్వ కూర్చుని ఉంది. ఒక కాలు పిక్క దాకా నీళ్లలో పెట్టుకుంది. నన్ను చూసి కాలు పైకి తీసింది. చీలమండ పైన పుండు. ఆ పుండులోంచి తెల్లగా, నూలుపోగు అంత సన్నగా ఏదో బయటికి వచ్చి ఒక పుల్లకు చుట్టుకుని ఉంది. పుట్టినప్పటి నుంచి నూలు చూసినదాన్ని, మొదట నూలే అనుకున్నాను. అది కదిలింది.

"ఏందవ్వా గది?"

"నారు బిడ్డా, నారి పురుగు. పుల్లకు దినాం ఇంత సుట్టుకుంట రావాలె. తొందరపడి తెంపితివా, లోపల్నె ఉండి కాలు తింటది. మా ఆడిబిడ్డ తెంపుకున్నది, మడమ గట్లనె బిగుసుకపాయె."

"ఎట్లొస్తదవ్వా?"

"బురదల కాలు పెడితె అరికాళ్లకెల్లి ఎక్కుతదంటరు. మస్తు మంట బిడ్డా. సల్లగుంటదని నీళ్లల్ల పెట్టిన."

మా ఊళ్లో చేదబావులే గనుక ఈ రోగం పేరు విన్నానే తప్ప చూడలేదు. కాలి వేళ్లు ముడుచుకుని నాలుగు మెట్లు వెనక్కెక్కాను. బురదలోంచి ఎక్కుతుందన్నది కదా, నేను బురద తొక్కితే కదా అనుకున్నాను. పొడి మెట్టు మీదే నిలబడి, అవ్వకు ఎదురు దిక్కు నుంచి కడవకు చేంతాడు కట్టి జారవిడిచి నీళ్లు చేదుకున్నాను. నా పాదం తడవలేదు. డేరాకొచ్చి మా ఆయనకు గట్టిగా చెప్పాను.

"గా బాయి దిక్కు పోయినా నీళ్లల్ల కాలు పెట్టకు. స్నానం గిట్ల చేసేవు."

ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ నీళ్లతో కాఫీ దిగింది. రంగు మారింది, వాసన డేరా దాటిపోయింది. సారు ఒక గ్లాసు తాగి రెండోది అడిగాడు. "ఇదమ్మా కాఫీ అంటే" అన్నాడు. ఆ రోజు నుంచి ఎండాకాలం అంతా రోజూ రెండు మైళ్లు పోయి ఒక్క కడవ నీళ్లు తెచ్చాను. సారు ఉత్త నీళ్లు తాగడు. ఆయనకు కాచి చల్లార్చి ఫ్లాస్కులో పోసి ఇవ్వాలి. కాఫీకి, ఫ్లాస్కుకు పోను మిగిలినవి మా ఆయనకు, నాకు. మా ఆయన ఎండలో నుంచి వచ్చి చెంబెత్తి గటగటా తాగి, "బెల్లం కలిపినవా ఏంది" అనేవాడు. మళ్లీ పోసేదాన్ని. మిగతా ఖలాసీలు అడిగితే అయిపోయాయని అబద్ధం చెప్పి, కడవ మీద గంప బోర్లించేదాన్ని. వాళ్లు తిట్టుకుంటూ ఉప్పు నీళ్లే తాగారు.

వానలు పడే ముందు నల్లగొండ నుంచి టీకాలు వేసే ఆయన సైకిల్ మీద డేరాల దగ్గరికొచ్చాడు. సారు ఆయనకు కాఫీ ఇమ్మన్నాడు. గ్లాసు ఖాళీ చేసి ఆయన నీళ్లు ఎక్కడివని అడిగాడు. గర్వంగా చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

"గా దిగుడు బాయియా? ఆ ఊర్ల ఇంటికొకలు నారుతోటి మంచాన పడ్డరమ్మా."

"నేను కాలు పెట్టలే సారూ. మెట్టు మీదికెల్లే చేదుకున్న."

"కాలుతోటి కాదు. నోట్లకెల్లి పోతది, కాళ్లకెల్లి వస్తది. పుండు ఉన్న కాలు నీళ్లల్ల పెడితె దాని పిల్లలు నీళ్లల్ల కలుస్తయి. కంటికి ఆనవు. ఆ నీళ్లు తాగినంక ఏడాదికి తెలుస్తది. వచ్చే ఎండకాలం, గిదే దినాలకు."

అవ్వ కాలు నీళ్లలో, ఎదురుగా నా కడవ నీళ్లలో. రెండూ ఒకేసారి కళ్ల ముందుకొచ్చాయి.

"మరి కాఫీ?" అన్నాను.

"మసిలినంక ఏదీ బతకది. నాలుగు మడతల గుడ్డల వడగట్టినా చాలు. కాఫీ తాగినోళ్లకు ఫికర్ లేదు. ఉత్త నీళ్లు ఎవరన్న తాగిండ్రా?"

సారు పక్కనే నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఖలాసీకి ఉండాల్సింది కాళ్లు. ఏడాది తిరిగేసరికి మా ఆయన కాలు పోతుందని తెలిస్తే సారు ఆయన పేరెందుకు రాస్తాడు?

"లేదు," అన్నాను.

ఆయన సైకిలెక్కి ఖలాసీలు పని చేస్తున్న దిక్కు వెళ్లిపోయాడు. నేను కడవలో మిగిలిన నీళ్లు రాళ్ల మీద పారబోసి, కడవ పగలగొట్టి, పొయ్యి ముందు కూలబడ్డాను. వడగుడ్డ నా చేతిలోనే ఉంది. సారు పళ్ల కింద పిప్పి పడకూడదని రోజూ ఆ గుడ్డలోనే కాఫీ వడకట్టాను. అదే గుడ్డ కడవ మూతికి కట్టి నీళ్లు వంచుకుని ఉంటే చాలేది. నేత ఇంట్లో పుట్టినదానికి గుడ్డకు కరువా? నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. కోపం ఒక్క పూటలో దిగిపోయింది. భయం మాత్రం ఏడాది ఉంది.

మా ఆయనకు చెప్పలేదు. ఎలా చెప్పను? బెల్లం కలిపినవా అని మురుస్తూ తాగిన మనిషికి, నీ కాలు నేనే తీశానని చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పినా చేసేదేముంది? మందు లేదు, బయటికొచ్చేదాకా చూస్తూ కూర్చోవాలి అన్నాడు టీకాల ఆయన.

ఆ సాయంత్రం నుంచే మా ఆయన కాళ్లు కడగడం మొదలుపెట్టాను. పని నుంచి రాగానే రాయి మీద కూర్చోబెట్టి, వేణ్ణీళ్లు పోసి, అరికాలు, మడమ, వేళ్ల సందులు, పిక్కలు ఒక్కొక్కటే చేత్తో తడిమేదాన్ని. ఎక్కడైనా ఉబ్బు తగిలితే ఊపిరి ఆగిపోయేది.

"ఏందే, గింత భక్తి ఎక్కడికెల్లి వచ్చింది?" అన్నాడు మొదటి రోజు.

"కంపలల్ల తిరుగుతవ్ గద. ముల్లు గిట్ల ఉంటె తీద్దమని."

ఆయన నా ముఖం వైపు చూసి, రెండో కాలు ముందుకు పెట్టాడు. తక్కిన ఖలాసీలకు ఇదొక వేడుక. "మాకు సుత గిసొంటి పెండ్లాం దొరకాలె" అని పక్క డేరాలోంచి అరిచేవాళ్లు. నేను నవ్వేదాన్ని. నవ్వుతూనే వేళ్లతో వెతికేదాన్ని.

డేరాలు తిరుమలగిరి దిక్కుకు మారాయి. ఒక సాయంత్రం ఆయన ఎడమ మడమ మీద బొబ్బ కనిపించింది. శనగగింజంత ఉంది, చుట్టూ ఎర్రగా. చెంబు నా చేతిలోంచి జారి రాళ్ల మీద పడింది. ఏమైందన్నాడు. తల తిరిగిందన్నాను. ఆ రాత్రి కన్ను మూతపడలేదు. ఎన్ని నెలలైందో వేళ్ల మీద లెక్కపెట్టాను. ఏడు. ఏడుకే వస్తుందా, రాదా? అడుగుదామంటే టీకాల ఆయన ఎక్కడున్నాడో తెలియదు. మూడు రోజులు ఆ బొబ్బను చూసి చూసి నాకు పిచ్చెక్కినంత పనైంది. మూడోనాడు అది చితికి నీరు కారి ఎండిపోయింది. కొత్త చెప్పు కరిచిందట. డేరా వెనక్కి పోయి వాంతి చేసుకున్నాను.

కాఫీ మాత్రం రోజూ పెట్టాల్సిందే. ఇప్పుడు నీళ్లంటేనే భయం కదా, కనబడ్డ నీళ్లన్నీ నాలుగు మడతల గుడ్డలో వడకట్టి, ఆపైన పొయ్యి మీద పెట్టి సగం ఇగిరేదాకా మరగబెట్టేదాన్ని. సారుకే కాదు, అందరికీ. ఖలాసీలకు కూడా వడకట్టి పోశాను. వాళ్లకు లేవని చెప్పిన పాపం అలా తీరుతుందని కాబోలు. నీళ్లు అంతసేపు మరిగితే కాఫీ చప్పబడిపోతుంది. సారు పట్టేశాడు.

"ఇదేం కాఫీ అమ్మా, మళ్లీ మొదటికొచ్చావు. నీళ్లను అంతలా మరిగించకు, ప్రాణం పోతుంది వాటికి."

ప్రాణం పోవాలనే సారూ అని నాలుక చివరి దాకా వచ్చింది. సరేనని తలూపి, మరునాడూ అంతే మరిగించాను. ఆయన ముఖం మాడ్చుకుని తాగాడు. ఒకప్పుడు ఆ ముఖం చూస్తే నాకు వణుకు పుట్టేది. ఇప్పుడు దాన్ని మించిన భయం ఉంది గనుక అది లెక్కలోకి రాలేదు.

సంక్రాంతి అయ్యాక పార్టీని పాలమూరు జిల్లాకు పంపారు. అచ్చంపేట దాటి, అడవి మొదలయ్యే చోట డేరాలు. అక్కడ బావి లేదు. ఎండిన వాగు ఇసుకలో చేత్తో గుంత తవ్వితే నీళ్లు ఊరుతాయి. దాన్ని చెలిమ అంటాం. ఎలుగుబంట్లు కూడా ఆ నీళ్లకే వస్తాయని అందరూ గుంపుగా పోయేవాళ్లు. నేను ఒక్కదాన్నే పోయేదాన్ని. ఎలుగుబంటి వస్తే అరవవచ్చు, పరుగెత్తవచ్చు. నా భయానికి ఆ రెండూ పనికిరావు.

సారు పేర్లు రాశాడు. కాఫీ చప్పగా ఉన్నా రాశాడు. మా ఆయన పేరు మొదటిది. "నడకలో వీణ్ని మించినవాడు లేడు" అని రాశానని నాతో చెప్పాడు. సంతోషపడాల్సిన వేళ నేను రోజులు లెక్కపెట్టాను. ఉగాది వెళ్లిన పది రోజులకు డాక్టరు పరీక్ష. నేను ఆ బావి నీళ్లు తేవడం మొదలుపెట్టి సరిగ్గా ఏడాది తిరిగే రోజులు అవే.

ఆ పది రోజులు నేను మనిషిలా లేను. పొద్దున ఆయన లేవకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి కాళ్లు చూశాను. కుడి పిక్క మీద దురద అని గోకితే ప్రాణం పోయింది. దోమ. పరీక్ష ఇంకా నాలుగు రోజులుందనగా కాఫీ వడకడుతుంటే గుడ్డ జారి డికాషన్ నా పాదం మీద చిందింది. మరునాటికి చీలమండ పక్కన చిన్న బొబ్బ లేచింది, మంట పెట్టింది. పసుపు పూసి వదిలేశాను. దాని గురించి ఆలోచించే తీరిక నాకెక్కడిది?

పరీక్ష నాటి పొద్దున మా ఆయన సారు జీపులో పాలమూరుకు బయలుదేరాలి. తెల్లవారుతుండగా చెలిమ దగ్గరికి పోయాను. నీళ్లు తోడుతుంటే ఇసుక జారి నా కాలు గుంతలో దిగింది. చల్లటి నీళ్లు తగలగానే బొబ్బలో ఒక్కసారి నిప్పు పెట్టినట్టై, చితికిపోయింది. కాలు బయటికి తీసి చూశాను. తెల్లగా, నూలుపోగు కొసలాంటిది బయటికి వచ్చి ఉంది.

కొంతసేపు అది ఎవరి కాలో నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక, నిజం చెబుతున్నాను, మొదట కలిగింది సంతోషం. నాకు వచ్చింది, ఆయనకు కాదు. పిచ్చిదానిలా గట్టిగా నవ్వాను. ఏడాది పొడుగునా ఆయన తాగిన ప్రతి చెంబూ గుర్తుపెట్టుకున్నాను, నేను తాగింది ఒక్కసారి కూడా లెక్కలోకి రాలేదు. నవ్వు ఆగాక అసలు భయం పట్టుకుంది. ఇది ఆయన చూస్తే ఇవాళ పాలమూరు పోడు. నన్ను ఇలా వదిలి జీపెక్కే మనిషి కాదు. పరీక్ష మళ్లీ పెట్టరు.

నా కాలు పడిన చెలిమను పూర్తిగా పూడ్చేశాను. వాగులో ఎగువకు పోయి కొత్తది తవ్వి నీళ్లు నింపుకున్నాను. చీర అంచు చించి చీలమండకు బిగించి కట్టాను. అవ్వ చెప్పిన మాట బాగా గుర్తుంది: మెల్లగా చుట్టాలి, తొందరపడకూడదు. అప్పుడు నాకు పుల్ల వెతికే వేళ కూడా లేదు. కడవ నెత్తిన పెట్టుకుని, కుంటు కనబడకుండా అడుగులేస్తూ వచ్చాను.

పొయ్యి ముందు కూర్చోవాలి, లేవాలి. పాలకు లేవాలి, గ్లాసులకు లేవాలి. లేచిన ప్రతిసారీ కట్టు కింద ఏదో లాగినట్టు తెలుస్తోంది. పళ్లు బిగబట్టాను. నీళ్లు మసిలాయి, దించాను, చప్పుడు అణిగింది, పొడి వేశాను. సారు బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. ఆ రోజు మరగబెట్టే తీరిక లేక మామూలుగానే చేశానేమో, సారు గ్లాసు దించి, "ఇవాళ కుదిరిందమ్మా" అన్నాడు. మా ఆయనకు కూడా ఒక గ్లాసు పోశాను. ఆయన నా ముఖం చూశాడు.

"ఏంది, చెమటలు పడుతున్నయ్?"

"పొయ్యి సెగ. పో, సారు పిలుస్తుండు."

సారు దగ్గరి నుంచి గ్లాసు తీసుకోవడానికి వంగి లేచినప్పుడు కట్టు లోపల పుటుక్కున తెగింది. మగ్గం మీద పోగు తెగితే ఎలా తెలుస్తుందో అలా తెలిసింది. నేను నిలబడే ఉన్నాను. జీపు మలుపు తిరిగేదాకా నిలబడి, చెయ్యి కూడా ఊపాను.

సాయంత్రానికి కాలు మోకాలి దాకా వాచింది. జ్వరంలో ఏం మాట్లాడానో తెలియదు. ఆయన మరునాడు వచ్చాడు. పరీక్ష పాసయ్యాడు. ఆ కబురు చెప్పడానికి పరుగెత్తుకుంటూ డేరాలోకి వచ్చి నా కాలు చూసి గుమ్మంలోనే కూలబడ్డాడట. పాలమూరు దవాఖానలో రెండు నెలలున్నాను. చీము రెండుసార్లు కోసి తీశారు. కాలు దక్కింది, మడమ మాత్రం మళ్లీ వంగలేదు. ఈనాటికీ నేను కుడి పాదం ఈడ్చుకుంటూనే నడుస్తాను. కొత్తగా చూసినవాళ్లు పోలియో అనుకుంటారు, నేను కాదనను.

దవాఖాన వరండాలో ఒక మధ్యాహ్నం ఆయనకు అంతా చెప్పేశాను. దాచి దాచి నాకు ఊపిరాడలేదు. నీళ్లు తెచ్చింది నేనే, పోసింది నేనే, టీకాల ఆయన అడిగితే లేదని అబద్ధమాడింది నేనే అన్నాను. తిడతాడనుకున్నాను.

"నాకు ఎర్కనె," అన్నాడు ఆయన. "టీకాల ఆయన గా దినమె మా దగ్గరికి వచ్చి అందరికి చెప్పిండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు బయపడ్తవని. నీళ్లు నువ్వు తెచ్చినవని ఏడుస్తవని. నువ్వు దినాం కాళ్లు కడుగుతాంటె ఎందుకో తెల్వక కాదు. ఇంటికి రాకముందె వాగు కాడ కూసొని నేను సుత సూసుకునేటోన్ని. ఏమన్న ఉంటె నీకు కనవడకుండ దాద్దమని."

కట్టు కట్టిన నా కాలిని ఆయన రెండు చేతులతో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లెత్తి నా వైపు చూడలేకపోయాడు.

"ఏడాది పొడుగూత ఇద్దరం నా కాళ్లె సూసినం," అన్నాడు. "నీ కాళ్లు ఒక్కనాడన్న ఎవ్వలం సూడలే."